కొత్త ఫైబర్ స్పీడు 94 దగ్గరే ఆగితే ముందు లాన్ వైరు చూడండి

"పాత కేబుల్ నెట్ తీసేసి 300 ఎంబీపీఎస్ ఫైబర్ పెట్టించాం. పాత రౌటర్ బాగానే ఉందని అదే వాడుతున్నాం. ఎన్నిసార్లు టెస్ట్ చేసినా 94 దాటట్లేదు. కంపెనీ మోసం చేస్తోందా?" అని అడిగారు.

మోసం కాదండీ, మీ జవాబు ఆ 94లోనే ఉంది. లైన్ మీద రద్దీ ఉంటే పొద్దున ఒక స్పీడు, రాత్రి తొమ్మిదింటికి ఒక స్పీడు వస్తుంది. ఏ వేళప్పుడు చూసినా 93, 94 దగ్గరే ఆగిందంటే మధ్యలో ఎక్కడో లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. అందులో హెడర్లకు, అంటే ప్రతి డేటా ముక్కకీ తగిలించే చిరునామా లాంటి వివరాలకు, పోయింది పోగా డేటాకు మిగిలేది దాదాపు అంతే.

ఫైబర్ వచ్చి చేరే కొత్త డబ్బా నుంచి పాత రౌటర్‌కి వెళ్లే లాన్ వైరును చూడండి. దాని చివరి ప్లగ్గులో ఎనిమిది తీగలుండాలి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 పిన్నులు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, ఎనిమిదీ పనిచేయాలి. కేబుల్ నెట్ రోజుల్లో చాలామంది నాలుగు తీగలే క్రింప్ చేసి (ప్లగ్గులో నొక్కి బిగించి) వదిలేశారు. మిగతా నాలుగూ కత్తిరించేయడమో, వాటితో పక్క వాటాకి ఇంకో కనెక్షన్ ఇవ్వడమో చేసేవారు. కొత్త కనెక్షన్ ఇచ్చేవాళ్లు గోడలో ఉన్న ఆ వైరునే వాడేసి వెళ్లిపోతారు. ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి. నెలనెలా 300కి డబ్బు కట్టే మనిషికి రెండు మీటర్ల వైరు దగ్గర పొదుపేంటి? మళ్లీ క్రింప్ చేయించేట్టయితే రెండు చివర్లా రంగుల వరుస ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఒక్క తీగ సరిగా అతక్కపోయినా లింకు మళ్లీ 100కి దిగొచ్చు, లేదా అసలు రాకపోవచ్చు.

వైరు బాగుంటే రౌటర్ పోర్టును అనుమానించండి. బాక్సు మీద పెద్దక్షరాలతో 1200 అని రాసి ఉంటుంది, అది వైఫై లెక్క. వెనక పోర్టులు మాత్రం 100వే ఉన్న మోడళ్లు బోలెడు. కొన్ని ఫైబర్ డబ్బాల్లోనూ ఒక్క పోర్టే గిగాబిట్, వైరు అందులోకే వెళ్లాలి.

తేల్చుకోవడం తేలిక. కొత్త క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 వైరుతో ల్యాప్‌టాప్‌ను నేరుగా ఫైబర్ డబ్బాకి పెట్టండి. విండోస్‌లో ఈథర్నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ 1000/1000 అని కనిపించాలి. అప్పుడు టెస్టులో 280 పైన వస్తే కంపెనీ లైను శుభ్రంగా ఉన్నట్టే. లింకు 1000 చూపించి కూడా స్పీడు 100 దాటకపోతే మీ అకౌంటుకి ప్లాన్ తప్పుగా ఎక్కించి ఉండొచ్చు, అప్పుడు ఫిర్యాదు పెట్టండి. ల్యాప్‌టాప్ పోర్టే 100ది అయితే ఈ పరీక్ష చెల్లదు, వేరేది తెచ్చుకోండి.

డీఎన్ఎస్ (సైటు పేరుకి దాని నెట్ చిరునామా వెతికిపెట్టే సేవ) మార్చమని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. పేజీ తెరుచుకోవడం కాస్త త్వరపడొచ్చేమో గానీ, 94 మాత్రం 300 కాదు.

పాత రౌటర్ పోర్టు గిగాబిట్ అయితేనే ఉంచుకోండి. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే అందించేలా, పెట్టండి, లేకపోతే డబ్బా, రౌటర్ రెండూ ఇంట్లోని పరికరాలకు విడివిడిగా ఐపీలు (నెట్‌వర్క్ చిరునామాలు) పంచుతాయి. అప్పుడు ఆన్‌లైన్ ఆటలకీ, సీసీ కెమెరాలకీ తిప్పలు తప్పవు. ఫోన్‌లో స్పీడు చూసేటప్పుడు రౌటర్ ఉన్న గదిలోనే నిలబడి, 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద చూడండి. 2.4 మీద అపార్ట్‌మెంట్లో 40, 50 వచ్చినా అది లైను తప్పు కాదు.