బస్సు డిక్కీలో వచ్చిన కోడిపిల్లలు చనిపోతే నష్టం ఎవరిది?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. యూట్యూబ్‌లో వీడియో చూసి, పక్క రాష్ట్రంలోని ఒక ఫారం వాళ్లకు ఫోన్ చేసి ఒక రోజు వయసున్న 150 కడక్‌నాథ్ (సాధారణంగా ఒళ్లంతా నల్లగా ఉండే కోడి జాతి) పిల్లలు ఆర్డర్ ఇచ్చాను. నేనే పెంచి అమ్ముకుందామని మహిళా సంఘంలో లోన్ తీసుకుని, ఛార్జీలతో కలిపి రూ.13,500 ఫోన్‌పేలో పంపాను. ఏప్రిల్ నెలాఖరులో పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి, ప్రైవేటు ట్రావెల్స్ బస్సు డిక్కీలో వేసి, డ్రైవర్ నంబరు నాకు ఇచ్చారు. బస్సు దగ్గర పెట్టెలు విప్పితే 58 పిల్లలు చచ్చిపడి ఉన్నాయి. తర్వాత మూడు రోజుల్లో ఇంకో 37 పోయాయి. మిగిలినవాటిలో చాలావాటికి ఇప్పుడు ఎర్ర ఈకలు వస్తున్నాయి. పెట్టెలు విప్పిన వెంటనే ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపితే, 'ఎండాకాలం కదమ్మా, కొన్ని పోతాయి. బస్సు ఎక్కించాక మా బాధ్యత ఉండదని ముందే చెప్పాం' అన్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు ఇవ్వలేదు. నేను పోస్టుమార్టం చేయించలేదు. కేసు వేయవచ్చా? అందుకు వాళ్ల ఊరు వెళ్లాలా?
- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, కేసు వేయవచ్చు. వాళ్ల ఊరు వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు కాబట్టి ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. అయితే అడిగినదంతా వస్తుందని మీకు ఆశ పెట్టను. పెట్టెలోనే చనిపోయిన 58 పిల్లల విషయంలో మీ కేసు గట్టిగా ఉంది. తర్వాత పోయిన 37 విషయంలో అంత బలం లేదు. ఎర్ర ఈకల సంగతి మాత్రం మీరు ఈ వారం పది రోజుల్లో ఏం చేస్తారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ముందుగా 'బస్సు ఎక్కించాక మా బాధ్యత లేదు' అన్న మాట చూద్దాం. పిల్లలు అమ్మే చాలామంది ఇదే చెబుతారు, కొనేవాళ్లు నిజమేననుకుని ఊరుకుంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. వస్తు విక్రయ చట్టం, 1930లోని 39వ సెక్షన్ మొదటి భాగం ప్రకారం, కొన్నవారికి పంపడానికి సరుకును రవాణాదారుకు అప్పగిస్తే, సాధారణంగా కొన్నవారికి అప్పగించినట్టే లెక్క. అమ్మినవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు. అదే సెక్షన్ రెండో భాగం ఏమంటుందంటే, సరుకు స్వభావాన్ని బట్టి తగిన రవాణా ఏర్పాటు చేయాల్సింది అమ్మినవారే. అలా చేయకపోవడం వల్ల దారిలో సరుకు పాడైతే, బస్సు ఎక్కించడాన్ని తనకు అప్పగించినట్టుగా ఒప్పుకోనని కొన్నవారు చెప్పవచ్చు, లేదా అమ్మినవారి నుంచి నష్టపరిహారం కోరవచ్చు. మీ కేసుకు ఆయువుపట్టు ఈ రెండో భాగమే. ఫిర్యాదులో దీన్ని తప్పకుండా రాయించండి.

ఇక్కడ సరుకు అంటే ప్రాణం ఉన్న పిల్లలు. వాటికి తగిన ఏర్పాటు ఏమిటో చట్టమే చెప్పింది. జంతువుల రవాణా నిబంధనలు, 1978కి 2001లో కోళ్ల రవాణా మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చారు. ఒక రోజు పిల్లలకు అందులో వేరే నిబంధన ఉంది. పొదిగిన వెంటనే పంపాలి, పెట్టెల్లో నిల్వ ఉంచకూడదు. ఎండ, వాన, ఎదురుగాలి తగలకూడదు. పెట్టెల మీద, చుట్టూ వేరే సామాన్లు పేర్చకూడదు. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటినా, 15 డిగ్రీల కంటే తగ్గినా కోళ్లను రవాణా చేయకూడదు. ఏప్రిల్ నెలాఖరులో ఖమ్మంలో చాలా రాత్రులు కూడా 25 డిగ్రీలు దాటే ఉంటాయి. అలాంటప్పుడు గాలి ఆడని డిక్కీలో, లగేజీ మధ్య అట్టపెట్టెలు వేసి పంపడం 'తగిన ఏర్పాటు' అని ఏ కమిషన్ ముందూ వాదించడం కష్టం. పైగా 'ఎండాకాలం కదమ్మా, కొన్ని పోతాయి' అని వాళ్లే రాశారు. పోతాయని తెలిసే పంపామని ఒప్పుకున్నట్టే అది. ఆ మెసేజ్ చెరిపేయకండి.

వాళ్ల లాయరు ఒక వాదన తెస్తారు, దానికీ సిద్ధంగా ఉండాలి. కోడిపిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు పచ్చసొనను కడుపులోకి తీసుకుంటుంది. దాంతో మేత, నీళ్లు లేకపోయినా 72 గంటల దాకా బతకగలదు. అమెరికాలో 1918 నుంచి పోస్టులో కోడిపిల్లల్ని పంపుతున్నది ఈ ధైర్యంతోనే. మన నిబంధనలు కూడా దారిలో మేత, నీళ్లు పెట్టొద్దనే అంటాయి. కాబట్టి 'ఒక్క రాత్రి ప్రయాణమే కదా, అన్నం నీళ్లు లేక చావలేదు' అంటారు. నిజమే, ఆకలితో చావలేదు. పచ్చసొన ఆకలిని ఆపుతుంది గానీ వేడిని, ఊపిరాడకపోవడాన్ని ఆపదు. అమెరికా పోస్టులో కూడా 24 గంటల లోపు వయసున్న పిల్లల్నే తీసుకుంటారు, గాలి ఆడే పెట్టెలు ఉండాలి, 72 గంటల్లో చేరవేయాలి. అక్కడి వీడియోలు చూపించి ఇక్కడ డిక్కీలో వేయడం కుదరదు.

ఈ రవాణా నిబంధనలు మీరితే శిక్ష లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం, అనవసరంగా బాధపెట్టేలా జంతువులను రవాణా చేయడం నేరం. కానీ మొదటిసారి నేరానికి జరిమానా ఇప్పటికీ 50 రూపాయలు దాటదు. 58 ప్రాణాలు పోయిన చోట ఈ అంకె చదివితే బాధేస్తుంది. పోలీసులకు ఫిర్యాదు చేస్తే తప్పేమీ లేదు, కానీ దానివల్ల మీ డబ్బు తిరిగి రాదు. నిబంధన ఉల్లంఘనను వినియోగదారుల కేసులో నిర్లక్ష్యానికి రుజువుగా వాడుకోండి.

అవతలివాళ్లు తప్పకుండా లేవనెత్తే అభ్యంతరం ఇంకొకటి ఉంది. 'ఆమె వ్యాపారం కోసం కొన్నది, వినియోగదారు కాదు' అంటారు. తిరిగి అమ్మడానికో, వాణిజ్య అవసరానికో కొన్నవారిని చట్టం వినియోగదారులుగా చూడదన్న మాట నిజమే. కానీ వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ కింద వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం తానే వాడుకోవడానికి కొంటే అది వాణిజ్య అవసరం కాదు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, నాసిరకం విత్తనాలతో నష్టపోయిన మన తెలుగు రైతులను వినియోగదారులుగానే గుర్తించింది. పంట అమ్ముకుంటారు కదా అని వాళ్లను బయటికి తోసేయలేదు. మీరూ పిల్లల్ని కొని వెంటనే ఇంకొకరికి అమ్మలేదు, నెలల తరబడి సొంత చాకిరీతో పెంచుతున్నారు. సంఘం లోన్ కాగితాలు, ఇంటి దగ్గర షెడ్డు ఫొటో, కూలీలను పెట్టలేదన్న మాట అఫిడవిట్‌లో చేర్చండి. ఇదే పదివేల పిల్లలతో, పనివాళ్లతో నడిచే ఫారం అయితే నేను ఇంత నమ్మకంగా చెప్పేవాణ్ని కాదు. అలాంటివాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు.

పోస్టుమార్టం చేయించలేదని దిగులు పడకండి. పెట్టె విప్పిన వెంటనే ఫొటోలు తీసి, ఆ క్షణమే అమ్మినవారికి పంపారు. వాట్సాప్‌లో తేదీ, టైము ఉంటాయి, పిల్లలు చనిపోయిన సంగతిని అమ్మినవాళ్లు కాదనలేదు. ఆ విత్తనాల కేసులోనే ఇంకో మంచి మాట ఉంది: పరీక్ష కోసం రైతు విత్తనాలు కొంత దాచిపెట్టుకుంటాడని ఆశించలేమని కోర్టు అన్నది. మీ తరఫున ఈ మాట ఎత్తిచూపవచ్చు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోన్‌పే లావాదేవీ నంబరు ఉన్న రసీదు, డ్రైవర్‌తో మాట్లాడిన కాల్ వివరాలు, ఆ యూట్యూబ్ వీడియో లింకు, స్క్రీన్‌షాట్లు భద్రం చేయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఆ రికార్డులు అసలైనవేనని ధ్రువీకరించే కాగితం) కూడా జత చేస్తే వాళ్లకు వంక పెట్టడానికి చోటుండదు. బిల్లు ఇవ్వకపోవడం మీ లోపం కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అన్యాయమైన వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

ఆ 37 సంగతి. ప్రయాణంలో వేడికి వాడిపోయిన పిల్లలు తర్వాతి రెండు మూడు రోజుల్లో చనిపోవడం కోళ్లు పెంచేవారందరికీ తెలుసు. కానీ అమ్మినవాళ్లు 'బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే ఏర్పాటు) వేడి సరిగా పెట్టలేదు' అంటారు. కాదని చెప్పడానికి పోస్టుమార్టం నివేదిక ఉంటే బాగుండేది. బ్రూడర్ ఫొటోలు, అప్పుడు పశువుల డాక్టరుకు చూపించి ఉంటే మందుల చీటీ, పక్కింటివారి అఫిడవిట్ - ఇవి ఏవున్నా పెట్టండి. ఆ 37కి కూడా డబ్బు అడగండి, కమిషన్ కొంత తగ్గిస్తే ఆశ్చర్యపోకండి.

ఎర్ర ఈకల విషయంలో ఆలస్యం చేయకండి. కడక్‌నాథ్ అని చెప్పి సంకర పిల్లల్ని అంటగట్టడం ఎక్కువైంది. వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ఒక రోజు పిల్లను చూసి జాతి చెప్పడం కొన్నవారి వల్ల కాదు కాబట్టి, ఇప్పుడు బయటపడిన లోపాన్ని ఇప్పుడే వాళ్లకు రాతపూర్వకంగా తెలపాలి. ఏమీ అనకుండా ఉంచుకుంటే, సరుకును ఆమోదించినట్టు 42వ సెక్షన్ కింద వాదిస్తారు. పశువుల ఆసుపత్రి డాక్టరుకు చూపించి, ఈకలు, తోలు, కాళ్ల రంగు వర్ణిస్తూ ఇవి కడక్‌నాథ్ లక్షణాలా కాదా అని లెటర్ తీసుకోండి. ఆ కోళ్లను తిరిగి ఇవ్వక్కర్లేదు, ధరలో తేడా అడగవచ్చు.

బస్సు వాళ్లను కూడా కేసులో చేర్చాలా? రసీదు లేదు, డ్రైవర్ చేతికి డబ్బిచ్చి వేయించిన పెట్టెలు. ట్రావెల్స్ పేరు, బస్సు నంబరు తెలిస్తే రెండో ప్రతివాదిగా చేర్చవచ్చు గానీ, వాళ్ల దగ్గరే కేసు చిక్కుకుపోనివ్వకండి. ఆ ఏర్పాటు ఎంచుకున్నది అమ్మినవారే. ఇదే లారీ పార్శిల్ రసీదుతో వచ్చి ఉంటే, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లో రవాణాదారుకు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. రైల్లో వస్తే ఆరు నెలల్లో రైల్వేకు నోటీసు ఇచ్చి, క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

ఇక చేయాల్సిన పని. ముందు ఆ ఫారం పూర్తి చిరునామా సంపాదించండి. ఇలాంటి కేసులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే, నోటీసు అందనిదే కేసు కదలదు. వీడియోలో కనిపించే బోర్డు, పెట్టె మీది అక్షరాలు, ఫోన్‌పేలో వచ్చిన పేరు, అన్నీ చూడండి. 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, వాట్సాప్‌లోనూ పెట్టండి. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి, కొందరు అమ్మకందారులు అక్కడే దిగివస్తారు. స్పందన లేకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లోనో, నేరుగా ఖమ్మం కమిషన్‌లోనో కేసు వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, వీడియో ద్వారా హాజరు కావడానికీ అనుమతి కోరవచ్చు. గడువు రెండేళ్లు. పిల్లల ధర, రవాణా ఛార్జీలు, మేత, మందుల ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. 'అవన్నీ పెద్దవై ఉంటే ఇన్ని లక్షలు వచ్చేవి' అన్న లెక్క మాత్రం వేయకండి. దానికి రుజువు ఉండదు, కేసు మీద నమ్మకం తగ్గుతుంది.

ఇదే పరిస్థితి మరొకరికి ఎదురైతే రెండు పనులు వెంటనే చేయాలి. పెట్టె విప్పేటప్పుడు డ్రైవర్ ముందే వీడియో తీయాలి. చనిపోయిన పిల్లలు కొన్నింటిని ఐసు మీద ఉంచి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకుండా, అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది కేసు కోసమే కాదు. కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ లాంటి జబ్బు అనుమానం ఉంటే పంచాయతీకో పశువైద్యాధికారికో చెప్పడం 2009 నాటి జంతు వ్యాధుల చట్టం ప్రకారం పెంపకందారు విధి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర కోళ్ల బండ్లను ఆపేశారు. అలాంటి రోజుల్లో డిక్కీలో దొంగచాటుగా పెట్టె తెప్పించుకుంటే, నష్టపోయినవారే తప్పు చేసినవారవుతారు. ఇరుగుపొరుగు కోళ్లూ పోతాయి.

పిల్లలే రాకుండా డబ్బు పోయినవాళ్ల దారి వేరు. అడ్వాన్సు తీసుకుని, తర్వాత పెట్టెకింత, పర్మిట్‌కింత అంటూ మళ్లీ మళ్లీ అడిగి నంబరు బ్లాక్ చేస్తే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నేరం. ఎంత త్వరగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మీరు మిగిలిన పిల్లలకు బదులు కొత్తవి తెచ్చుకోవాలనుకుంటే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థను అడగండి. వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్ల రకాలను అభివృద్ధి చేసినది ఆ సంస్థే. ముందుగా ఫోన్ చేసి పిల్లలు ఎప్పుడు దొరుకుతాయో కనుక్కుని, స్వయంగా వెళ్లి, వేడి తక్కువ ఉన్న వేళ, గాలి ఆడే పెట్టెల్లో తెచ్చుకోండి. బిల్లు, మారెక్స్ (కోళ్లకు వచ్చే ఒక వైరస్ జబ్బు) టీకా వేసినట్టు కాగితం అడిగి తీసుకోండి. ఈలోగా డాక్టరు లెటర్ తీసుకుని, ఎర్ర ఈకల ఫొటోలతో ఆ ఫారం వాళ్లకు ఈ వారంలోనే మెసేజ్ పెట్టండి.