సెలవు రోజునే తలనొప్పి... కారణం ఆఫీసు కాఫీయేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. మా ఆఫీసులో కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, బిస్కెట్లు, నీళ్లు అన్నీ ఉచితం. రోజుకు ఆరేడు కప్పుల కాఫీ తాగుతాను. మధ్యాహ్నం ఒక కోలా కూడా ఉంటుంది. ఏడాది నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నానికి తల బరువెక్కి నొప్పి మొదలవుతోంది. ఆదివారం ఇంకా ఎక్కువ. తలనొప్పి మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, సోమవారం ఆఫీసుకు వెళ్లాక పూర్తిగా పోతుంది. ‘ఇంట్లో ఉంటే నొప్పి, ఆఫీసుకు వెళ్తే హాయి’ అని మా వారు అంటుంటే బాధగా ఉంది. సెలవు రోజుల్లో ఇంట్లో పొద్దున ఒక టీ తప్ప ఏమీ తాగను. రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు. అప్పుడప్పుడు గుండె దడ వస్తోంది. ఈ ఏడాదిలో 5 కిలోలు పెరిగాను. నీళ్లు తాగడం గుర్తే ఉండదు. ఒకసారి కాఫీ మానేసి చూశాను, రెండో రోజుకే తట్టుకోలేకపోయాను. ఇది ప్రమాదమా? మా హెచ్ఆర్ వాళ్లు ప్యాంట్రీ మారుస్తూ ఏమేం పెట్టాలో మమ్మల్నే అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా మీ వారికి ఈ జవాబు చదివి వినిపించండి. మీరు రాసిన వివరాలను బట్టి ఈ నొప్పికి ఇంటితో సంబంధం ఉన్నట్టు లేదు. శుక్రవారం సాయంత్రం తాగిన ఆఖరి కప్పుకూ, ఆ తర్వాత తాగని కప్పులకూ సంబంధం ఉంది. కాఫీ, టీ, కోలాల్లో ఉండే కెఫీన్ అలవాటైన శరీరానికి అది ఒక్కసారిగా అందకపోతే, సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది. అలాగే వదిలేస్తే కొందరిలో తొమ్మిది రోజుల దాకా సాగుతుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మీ ఆఖరి కాఫీ అనుకుంటే, శనివారం మధ్యాహ్నానికి 18 గంటలు. లెక్క సరిగ్గా సరిపోయింది కదా! పొద్దున తాగే ఒక్క టీలో ఉండే కెఫీన్, రోజూ ఏడు కప్పుల కాఫీకి అలవాటుపడిన మెదడుకు చాలదు. సోమవారం మొదటి కాఫీతో లోటు తీరుతుంది, నొప్పి పోతుంది. కాఫీ మానేసిన రెండో రోజు మీరు తట్టుకోలేకపోవడం కూడా ఇదే. అది మనోబలం తక్కువై కాదు, నొప్పి తీవ్రంగా ఉండే రోజు అదే కాబట్టి.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది కణాల మీద తనకున్న సీట్లలాంటి గ్రాహకాల మీద చేరితే మగత వస్తుంది, మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి. బస్సులో కర్చీఫు వేసి సీటు ఆపినట్టు, కెఫీన్ ముందే వెళ్లి ఆ గ్రాహకాలను ఆక్రమిస్తుంది. రోజూ ఇలా జరుగుతుంటే మెదడు ఆ గ్రాహకాల ప్రభావాన్ని పెంచుకుని సర్దుకుంటుంది. కెఫీన్ రాని రోజున అడినోసిన్‌కు అడ్డు లేకుండా పోతుంది. రక్తనాళాలు మామూలు కన్నా వెడల్పై తల దిమ్ముగా, నొప్పిగా ఉంటుంది. చిరాకు, నీరసం, పని మీద మనసు నిలవకపోవడం కూడా తోడవుతాయి.

మీరు వేసుకునే మాత్ర పేరు రాయలేదు. దాని రేపర్ మీద ఏముందో ఒకసారి చదవండి. చాలా తలనొప్పి మాత్రల్లో నొప్పి మందుతో పాటు కెఫీన్ కూడా కలుపుతారు. మీది అలాంటిదైతే, తెలియకుండా మీరు మాత్ర రూపంలో కాఫీ తాగుతున్నట్టే లెక్క. ఇలాంటి కలగలుపు మాత్రలు నెలలో పది రోజులు, అంతకు మించి నెలల తరబడి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. శని, ఆదివారాలు రెండూ వేసుకుంటుంటే మీరు నెలకు ఎనిమిది రోజుల దగ్గర ఉన్నారు. నన్ను కాఫీ కన్నా ఎక్కువ కంగారు పెట్టింది ఇదే.

ఇక ప్రమాదమా అన్న మాటకు వద్దాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ పర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. అదీ ఒకేసారి 200 మిల్లీగ్రాములు దాటకుండా. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజు మొత్తానికి 200 మాత్రమే. మెషీన్ కాఫీ కప్పులో ఎంత ఉంటుందన్నది కప్పు సైజును బట్టి, పొడిని బట్టి మారుతుంది. కప్పుకు 60 నుంచి 80 మిల్లీగ్రాములు వేసుకున్నా, ఏడు కప్పులకు 420 నుంచి 560. కోలాలో ఉండేది దీనికి అదనం. అంటే మీరు గీత దాటారు, అయితే భయపడేంత దూరం పోలేదు. గుండె దడకు ఇదే కారణం కావచ్చు. కానీ ఉత్తరం చదివి తేల్చే విషయం కాదది. ఒకసారి బీపీ, ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఎక్కువున్నా దడ వస్తుంది. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. తలనొప్పి ఎన్నడూ లేనంత తీవ్రంగా ఒక్క క్షణంలో వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, చూపు మందగించినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా అంతే. అప్పుడు కాఫీ మీదికి నెట్టేసి ఊరుకోకూడదు.

నిద్ర సంగతి మాత్రం దాదాపు నూటికి నూరుపాళ్లు సాయంత్రం కాఫీదే అనిపిస్తోంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి కప్పులో సగం రాత్రి పదకొండుకు కూడా మీ రక్తంలోనే ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఈ సమయం దాదాపు రెట్టింపవుతుంది. మీరు వాడుతుంటే ఇది ముఖ్యం. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. అందులో నిద్ర గంటకు పైగా తగ్గింది. రాత్రి నిద్ర చాలదు, పొద్దున బడలిక, దానికి మళ్లీ కాఫీ. ఏడో కప్పు దాకా మీరు వచ్చింది ఈ దారిలోనేనని నా అనుమానం.

పూర్తిగా మానేయాలా అంటారేమో. అక్కర్లేదు. మితంగా తాగే కాఫీ శత్రువేం కాదు. ఒక్కసారిగా ఆపకుండా మూడు నాలుగు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. తీసేసే మొదటి కప్పు సాయంత్రానిదే కావాలి, ఆ తర్వాత కోలా. మూడు వారాల్లో రోజుకు రెండు మూడు కప్పుల దగ్గరికి చేరతారు. వాటిని మధ్యాహ్న భోజనం లోపే ముగించండి. రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం: తగ్గించే రోజుల్లో శని, ఆదివారాలు కూడా ఆఫీసు రోజుల్లో తాగినన్నే, అదే వేళకు తాగండి. సెలవు రోజున ఒక్కసారిగా పడిపోతోంది కాబట్టే మీకీ బాధ. అలవాటు రెండు కప్పులకు వచ్చాక ఒక రోజు తాగకపోయినా తల ఇంతగా పట్టుకోదు. మధ్యలో కాస్త నొప్పి వస్తే అదే మోతాదులో ఇంకో రెండు రోజులు ఆగండి, మళ్లీ పైకి మాత్రం వెళ్లకండి.

పెరిగిన 5 కిలోలకు కెఫీన్ కారణం కాదు, కప్పులో కరిగిన చక్కెర. కప్పుకు రెండు చెంచాలంటే సుమారు 8 గ్రాములు, ఏడు కప్పులకు 56. చక్కెర కలిపిన 330 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 35 గ్రాములు. బిస్కెట్లు లెక్కలోకి రాకముందే 90 గ్రాములు దాటిపోయింది. రోజూ 2,000 క్యాలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50 గ్రాములు, 25కు తగ్గితే ఇంకా మేలంటుంది. మెషీన్‌లో ముందే చక్కెర కలిపిన పొడి వాడుతుంటే మీ చేతిలో చెంచా లేకపోయినా కప్పులో తీపి ఉన్నట్టే. ప్యాకెట్ మీద చూడండి.

డబ్బు పెట్టి కొనేదైతే ఏడోసారి చేయి వెనక్కి వస్తుంది. ఉచితమైతే మనం లెక్కే పెట్టం. ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. అమెరికాలో 5,222 మంది ఉద్యోగుల మీద చేసిన సర్వేలో దాదాపు నాలుగో వంతు మంది వారంలో ఒక్కసారైనా పనిచేసే చోట తిండి, పానీయాలు తీసుకున్నారు. అలా తీసుకున్నవారికి వారానికి సగటున సుమారు 1,300 క్యాలరీలు అందాయి. వాటిలో ఎక్కువ భాగం డబ్బు పెట్టకుండా దొరికినవే. గూగుల్ ఆఫీసులో జరిగిన మరో అధ్యయనం 2016లో ప్రచురితమైంది. పానీయాలు తీసుకునే చోటికి చిరుతిళ్ల బల్ల దగ్గరగా ఉంటే, దూరంగా ఉన్నప్పటి కన్నా ఎక్కువ మంది వాటిని తీసుకున్నారు. అదే తిండి, అదే మనుషులు, మారింది కొద్దిపాటి దూరం మాత్రమే.

అందుకే మీ హెచ్ఆర్ వాళ్లకు చెప్పదగిన మొదటి మాట: నీళ్లు అందరికీ కనిపించేలా, సీట్లకు దగ్గరగా పెట్టమనండి, బిస్కెట్ల బల్లను కాఫీ మెషీన్‌కు దూరంగా జరపమనండి. కాఫీ తీసేయమని మాత్రం అడగకండి, అందరి కోపం మీ మీదికి వస్తుంది, అవసరమూ లేదు. చక్కెర లేని కాఫీ, కెఫీన్ తీసేసిన కాఫీ, పళ్లు, ఉప్పు వేయని గింజలు ఉంటే తాగేవారికి దారి దొరుకుతుంది. కాఫీ గింజలు అప్పటికప్పుడు మర పట్టే మెషీన్ తెప్పిస్తుంటే ఇంకో సంగతి. స్వీడన్‌లో ఆఫీసు కాఫీ మెషీన్ల మీద చేసిన పరిశీలన 2025లో వెలువడింది. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే పదార్థాలు వాటి కాఫీలో, పేపర్ ఫిల్టర్‌తో వడకట్టిన కాఫీలో కన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. రోజుకు ఎన్నో కప్పులు తాగేవారికి, కొలెస్ట్రాల్ ఇప్పటికే ఉన్నవారికి పేపర్ ఫిల్టర్ మేలు. నీళ్ల డిస్పెన్సర్ కొళాయిలు, ట్యాంకు క్రమం తప్పకుండా శుభ్రం చేస్తున్నారా అని కూడా అడగండి. ఎవరూ అడగని ప్రశ్న అది.

నాకు మనసుకు పట్టిన విషయం ఇంకొకటి ఉంది. ‘కాఫీకి వస్తావా’ అని పక్క సీటు అమ్మాయి పిలిచినప్పుడు ఆమెకు కావలసింది చాలాసార్లు కాఫీ కాదు, పది నిమిషాల మాట. తెర ముందు నుంచి లేవడం, నాలుగడుగులు వేయడం, నవ్వుకోవడం ఒంటికీ మనసుకీ మంచివి. కప్పులు తగ్గించే పేరుతో వాటిని వదులుకోకండి. వెళ్లండి, కప్పులో వేడినీళ్లో, కెఫీన్ లేని కాఫీనో పోసుకోండి. కానీ భోజనం ఎగ్గొట్టి కాఫీతో, బిస్కెట్లతో గడిపే అలవాటు ఉంటే ఈ రోజే ఆపండి. ఉచిత కాఫీ ఇచ్చే సంస్థలు భోజన విరామాన్ని కూడా అంతే ఉదారంగా ఇవ్వాలని డాక్టరుగా గట్టిగా కోరుకుంటాను.

నీళ్ల విషయంలో గ్లాసుల లెక్క పెట్టుకుని టెన్షన్ పడొద్దు. ఆహారంలో వచ్చే నీటితో కలిపి ఆడవారికి రోజుకు సుమారు 2 లీటర్లు, మగవారికి రెండున్నర లీటర్లు కావాలి. ఎండలో పని చేస్తే ఇంకా ఎక్కువ. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టు. మితంగా తాగే కాఫీ ఒంట్లో నీటిని పీల్చేయదు, అందులోని నీరు కూడా లెక్కలోకి వస్తుంది. బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తగ్గించడం, మూత్రం బిగపట్టడం మాత్రం వద్దు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లకు అది దారి తీస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు తమ డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

రక్తహీనత తేలితే భోజనానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీ తాగకండి, అవి ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తాయి. థైరాయిడ్ తక్కువుందని మాత్ర రాస్తే, వేసుకున్నాక కనీసం అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగాలి. బీపీ చూపించుకునే ముందు అరగంట పాటు కాఫీ ముట్టకండి. రోజుకు రెండు మూడు కప్పులకు వచ్చి రెండు వారాలైనా సెలవు రోజుల నొప్పి అలాగే ఉంటే, వాడిన మాత్రల రేపర్లు తీసుకుని ఫిజీషియన్‌ను గానీ న్యూరాలజిస్టును గానీ కలవండి. అప్పుడు మైగ్రేన్ కోణంలో చూడాల్సి ఉంటుంది.