ఊడిన జిర్కోనియా క్యాప్: సిమెంటు తప్పేనా?

విజయవాడలో వేయించుకున్న జిర్కోనియా క్యాప్ (పంటి మీద తొడిగే గట్టి తెల్లటి సిరామిక్ తొడుగు) రెండోసారి ఊడిందని, సిమెంటు నాసిరకమా అని అడిగారు కదండీ. ఇలాంటి క్యాప్‌ల పనే గుంటూరులో నేను రోజూ చేసేది. నా అనుమానం సిమెంటు మీద కాదు, "వదులయ్యాక కూడా కొన్నాళ్ళు దాంతోనే తిన్నాను" అన్న మీ మాట మీద.

వదులైన క్యాప్ కిందకి లాలాజలం, బాక్టీరియా చేరి పంటి మీద జిగురు పొర కడతాయి. క్యాప్ తీసి వాసన చూస్తే మీకే తెలుస్తుంది. ఆ పొరను తీయకుండా క్యాప్ అంటిస్తే సిమెంటు పొరను పట్టుకుంటుంది, పంటిని కాదు. ఇంకో తిరకాసు ఉంది. లాలాజలంలోని ఫాస్ఫేట్లు జిర్కోనియాకు అతుక్కుపోతాయి. రెజిన్ సిమెంటులో (క్యాప్ అంటించే ఒక రకం జిగురు) జిర్కోనియాను పట్టుకునే ఎండీపీ అనే రసాయనం అతుక్కోవాల్సిన చోటూ అదే! ఉత్త నీళ్ళతో కడిగితే అవి పూర్తిగా పోవు. శుభ్రం చేద్దామని ఫాస్ఫారిక్ ఆసిడ్ జెల్ రాస్తే కొత్తగా ఇంకొంత ఫాస్ఫేట్ చేర్చినట్టే.

అందుకే ఈసారి క్యాప్ లోపల అల్యూమినా పొడితో, తక్కువ ప్రెషర్‌లో శాండ్‌బ్లాస్టింగ్ (సన్నటి పొడిని గాలితో చిమ్మి శుభ్రం చేయడం) చేస్తారా, లేదా జిర్కోనియా క్లీనింగ్ పేస్ట్ వాడతారా అని డాక్టరు గారిని అడగండి. పంటి మీది పాత సిమెంటు గీకేసి, ప్యూమిస్ అనే మెత్తటి రాతిపొడితో రుద్దాలి. చిగురు నుంచి రక్తం కారుతుంటే ఆ రోజుకి వాయిదా వేయడమే మేలు.

ఎక్స్‌రే కూడా తీయించండి. కింద పన్ను పుచ్చినా, మరీ పొట్టిగా ఉన్నా ఎంత శుభ్రం చేసి అంటించినా నిలవదు. ఈలోగా క్యాప్‌ను చిన్న డబ్బాలో దాచుకోండి, ఫెవిక్విక్ జోలికి మాత్రం పోకండి.