.22 కిట్: ఎక్కడ కలిసొస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది

ప్రశ్న: నాది 5.56 మి.మీ. ఏఆర్-15 తరహా రైఫిల్. బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసే భాగం) ఒక్కటీ మార్చే కిట్ వేస్తే చవకైన, చిన్న .22 ఎల్‌ఆర్ తూటాలు పేల్చుకోవచ్చంటున్నారు. అదే బ్యారెల్‌తో ఎలా కుదురుతుంది? గురి చెడదా?

జవాబు: రెండు బుల్లెట్ల వ్యాసం దాదాపు ఒకటే. 5.56ది 0.224 అంగుళాలు, .22ది 0.223. తేడా అంతా కేసులో, అంటే మందు నింపే ఇత్తడి గొట్టంలోనే. అందుకే కిట్ ముందు భాగంలో 5.56 కేసు ఆకారంలో ఒక అడాప్టర్ ఉంటుంది. అది మీ చాంబర్‌లో (బ్యారెల్ వెనక కొసన తూటా ఉండే చోట) కూర్చుంటుంది, చిన్న తూటా అందులో కూర్చుంటుంది.

బిగించడం రెండు నిమిషాల పని. మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో చూసి, వేలితో తడిమి ఖాయం చేసుకోండి. వెనక పిన్ను నెట్టి పై భాగం ఎత్తండి. చార్జింగ్ హ్యాండిల్ లాగి అసలు బోల్ట్ క్యారియర్‌ను బయటికి తీసి, అక్కడ కిట్ పెట్టి, అడాప్టర్ చివరికంటా దిగేలా నెట్టి మూయండి. వెనక్కి వచ్చే బోల్ట్‌ను ఆపే బఫర్ జోలికి వెళ్లక్కర్లేదు. కిట్‌కు సొంత స్ప్రింగ్ ఉంటుంది, బఫర్ కదలదు.

ఇక గురి సంగతి. బుల్లెట్‌ను తిప్పడానికి బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి. .22 బ్యారెళ్లలో సాధారణంగా అవి 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. మీ రైఫిల్‌లో అది 7 నుంచి 9 అంగుళాలకే వచ్చేస్తుంది. పైగా బుల్లెట్ అడాప్టర్ దాటాకగానీ గాళ్లను అందుకోదు. ఈ రెండింటివల్ల లక్ష్యం మీద తగిలిన రంధ్రాల గుంపు విచ్చుకుంటుంది. 25 మీటర్లలో ట్రిగ్గర్, ఊపిరి, నిలుపు సాధనకు ఇది అడ్డు కాదు. చిన్న గుంపులే మీ ధ్యేయమైతే మాత్రం .22 బ్యారెల్‌తో వచ్చే విడి పై భాగం కొనడం మేలు.

ప్రశ్న: పిస్టల్‌కు .22 స్లైడ్, బ్యారెల్ కిట్ తీసుకున్నాను. రెండు మ్యాగజైన్లకోసారి ఖాళీ కేసు ఇరుక్కుంటోంది. కిట్‌లోనే లోపమా?

జవాబు: చాలాసార్లు లోపం తూటాలో ఉంటుంది. 9 మి.మీ. తూటా శక్తిలో .22కు మూడో వంతు కూడా ఉండదు. స్లైడ్‌ను అల్యూమినియంతో తేలిక చేసేది అందుకే. కొసరు బలం ఎక్కడా మిగలదు కాబట్టి తక్కువ వేగపు సబ్‌సోనిక్, స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు వేస్తే స్లైడ్ సగంలోనే ఆగిపోయి, కేసు బయటికి పడే కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది. బుల్లెట్ బరువు 40 గ్రెయిన్లు ఉండి, రాగి పూత ఉన్న హైవెలాసిటీ (ఎక్కువ వేగపు) తూటాలు వాడి చూడండి. కొత్త కిట్‌లో మొదటి రెండు మూడు వందలు అవే పేల్చాలి.

రెండో అనుమానితురాలు మ్యాగజైన్. .22 కేసుకు అంచు ఉంటుంది కదా, కింది తూటా అంచు వెనక పై తూటా అంచు చిక్కుకుంటే మొత్తం బిగుసుకుపోతుంది. ప్రతి తూటా అంచూ తన కిందిదాని అంచుకు ముందుండేలా నింపండి. మూడోది మైనం. పూత లేని సీసపు బుల్లెట్ల పైన మైనం రాస్తారు. అది మసితో కలిసి చాంబర్ అంచున జిగురులా పేరుకుంటుంది. మూడు నాలుగు వందలకోసారి చాంబర్‌ను బ్రష్‌తో తోమి, ఖాళీ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద పుల్లతో గీరండి. నూనె చుక్కల్లోనే వెయ్యాలి, ఎక్కువైతే మసిని పట్టుకుని బంక చేస్తుంది.

తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, తర్వాత తీయండి. దాన్ని అరచుట్టు తిప్పి మళ్లీ వేస్తే తరచూ పేలుతుంది. అంచులో మందు సమంగా పరుచుకోకపోతే ఒకచోట దెబ్బ ఖాళీగా పడుతుంది. ఇంకో మాట: ఖాళీ చాంబర్‌తో ట్రిగ్గర్ నొక్కే సాధన .22లో వద్దు. తూటాను కొట్టే ఫైరింగ్ పిన్ను చాంబర్ అంచును నలగ్గొట్టవచ్చు.

ప్రశ్న: 100 మీటర్లకు సరిచేసిన స్కోపే .22కూ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. 50 మీటర్లకు సరిచేసిన .22 హైవెలాసిటీ తూటా 100కు వచ్చేసరికి 15 సెం.మీ. అటూఇటుగా పడిపోతుంది. కిట్ వేశాక 25 మీటర్లలో అయిదేసి తూటాల గుంపులు పేల్చి, ఎన్ని క్లిక్కులు తిప్పారో కాగితం మీద రాసి బట్టు (భుజానికి ఆనే వెనక భాగం) లోపల అంటించుకోండి. తీశాక అన్నే వెనక్కి తిప్పాలి. 100 మీటర్ల లక్ష్యాన్ని నాలుగో వంతుకు కుదించి 25లో పెట్టుకుంటే కంటికి అదే పరిమాణం.

ప్రశ్న: .357 మ్యాగ్నమ్ రివాల్వర్‌కూ కిట్ కావాలా?

జవాబు: అక్కర్లేదు. అందులో .38 స్పెషల్ తూటాలు నేరుగా వేసుకోవచ్చు. అయితే .38 కేసు మూడున్నర మి.మీ. పొట్టి, చాంబర్‌లో దాని మూతి దగ్గర మసి ఉంగరంలా కడుతుంది. .357 వేసేముందు తోమకపోతే తూటా పూర్తిగా దిగదు.

ప్రశ్న: రైఫిల్‌లో .22 తర్వాత వెంటనే 5.56 పేల్చవచ్చా?

జవాబు: పేల్చవచ్చు. బ్యారెల్ నుంచి బోల్ట్‌కు గ్యాస్ తెచ్చే గ్యాస్ ట్యూబ్‌లో చేరిన .22 మసిని ఊదేయడానికి ప్రతి సాధన చివర కొన్ని 5.56 తూటాలు పేల్చమని చాలామంది సలహా ఇస్తారు, అది మంచిదే. కానీ దానికి ముందు ఒక పని ఉంది. బలహీనమైన .22 తూటా బుల్లెట్‌ను గొట్టం మధ్యలోనే వదిలేయగలదు. చప్పుడు నీరసంగా వచ్చినా, స్లైడ్ గానీ బోల్ట్ గానీ కదలకపోయినా అక్కడే ఆపండి. దాని వెనక 5.56 పేలితే బ్యారెల్ చీలుతుంది. కిట్ తీశాక చాంబర్ వైపు నుంచి చిన్న లైటు వేసి, అవతలి కొసన వెలుగు గుండ్రంగా పూర్తిగా కనబడ్డాకే అసలు బోల్ట్ పెట్టండి. రెండు రకాల తూటాలు ఒకే బల్ల మీద ఉంచకండి.