ఆదివారం దిబ్బరొట్టెకి అసలు ఖరీదెంత?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 38 ఏళ్లు. రైస్ మిల్లులో అకౌంటెంటుని, జీతం 34,000 చేతికొస్తుంది. మా ఆవిడ కుట్టుపని మీద 6,000 దాకా సంపాదిస్తుంది. పిల్లలు ఇద్దరు, 12 ఏళ్ల బాబు, 8 ఏళ్ల పాప. 71 ఏళ్ల అమ్మ మాతోనే ఉంటుంది. స్కూలు ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 33,000. ఇల్లు బాగుచేయించడానికి తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకా 2,10,000 ఉంది. వడ్డీ 16 శాతం, ఈఎంఐ 8,540, మరో 30 నెలలు కట్టాలి. బ్యాంకులో 7 శాతం మీద 1,80,000 ఎఫ్‌డీ ఉంది. లోన్ తీసుకున్నప్పటి నుంచి ప్రతి ఆదివారం భీమవరంలో ఒక రొయ్యల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నాను. రోజుకి 900 ఇస్తారు. పొద్దున్నే 6 గంటలకి బయల్దేరితే తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం 2 దాటుతుంది. పెట్రోలుకి 110, టీ టిఫినుకి 60 అవుతాయి. ఇదివరకు ఆదివారం అమ్మ దిబ్బరొట్టె చేసేది, అందరం తీరిగ్గా కూర్చుని తినేవాళ్లం. ఇప్పుడు ‘నువ్వు లేకుండా ఎవరికి చెయ్యనురా’ అని మానేసింది. ఇంట్లోవాళ్లు సెంటర్లో 280 పెట్టి పార్సిల్ తెచ్చుకుంటున్నారు. ఒక టిఫిన్ కోసం 900 వదులుకోవడం తెలివితక్కువ పనా? మానేస్తే ఈఎంఐ తప్పుతుందేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తెలివితక్కువ పని కాదండి. కాకపోతే మీరు వదులుకునేది 900 అన్న లెక్క దగ్గరే తేడా ఉంది. ముందు అది సరిచేద్దాం.

900లో పెట్రోలు, టీ టిఫిను పోతే మిగిలేది 730. మీరు ఊళ్లో లేరు కాబట్టి ఇంటికి వస్తున్న పార్సిల్ 280 కూడా ఆ పని ఖర్చే. అదీ తీసేస్తే ఆదివారం మీ ఇంటికి నికరంగా మిగులుతున్నది 450. ఇక ఇంట్లో రొట్టె చేసుకుంటే ఎంతవుతుంది? ఐదుగురికి పావు కిలో మినప్పప్పు, అర కిలో బియ్యపు రవ్వ, నూనె, జీలకర్ర, పచ్చడికి ఒక కొబ్బరికాయ, నాలుగు పచ్చిమిరపకాయలు, పిల్లలు నంజుకోవడానికి కాస్త బెల్లం పాకం. ఎంత ధారాళంగా వేసుకున్నా 120 దాటదు. కాయ మీ దొడ్లోదే అయితే ఇంకా తగ్గుతుంది. 450కి ఈ 120 కలిపితే 570. పని మానేస్తే వారానికి మీకు తగ్గేది ఇదే. ఏడాదికి 52 వారాల లెక్కన సగటున నెలకు 2,470.

ఇప్పుడు మీ నెల లెక్క చూద్దాం. జీతం, కుట్టుపని, ఆదివారం డబ్బులు సగటున 3,900 కలిపితే 43,900. ఖర్చు, ఈఎంఐ పోగా మిగిలేది 2,360. పని మానేస్తే తగ్గేది 2,470. అంటే నూట పది రూపాయలు చాలవు. పిల్లాడికి జ్వరం వచ్చినా ఆ నెల ఇబ్బందే. కాబట్టి మీ టెన్షన్ ఉత్తదేం కాదు, కానీ దానికి మందు మీ దగ్గరే ఉంది.

మీ ఎఫ్‌డీ 7 శాతం సంపాదిస్తోంది, మీ లోన్ 16 శాతం తింటోంది. కష్టానికి ఉంటుందని దాచుకున్నారు, అందులో తప్పు లేదు. కానీ మొత్తం 1,80,000 అలా కదలకుండా ఉంచి, పక్కన అప్పుకి దానికి రెట్టింపు పైగా వడ్డీ కట్టడం వల్లే మీ ఆదివారాలు భీమవరం పోతున్నాయి. నేను చెప్పేది ఇదీ: లక్ష రూపాయలు తీసి లోన్‌లో పార్ట్ పేమెంట్ కట్టండి. మిగతా 80,000 ముట్టుకోవద్దు.

లక్ష కడితే అసలు 1,10,000కి దిగుతుంది. గడువు అదే 30 నెలలు ఉంచి ఈఎంఐ తగ్గించమని అడగండి. 8,540 కాస్తా దాదాపు 4,470 అవుతుంది. నెలకు 4,070 దాకా ఊరట. అందులో 2,470 ఆదివారం లోటు పూడుస్తుంది, ఇంకా 1,600 చేతిలో ఉంటుంది.

ఆ 1,600 ఖర్చుల్లో కలిసిపోనివ్వకండి. జీతం పడిన మర్నాడే పోయేలా ఆర్‌డీ (నెలనెలా కొంత జమచేసే రికరింగ్ డిపాజిట్) పెట్టండి. 80,000 అంటే మీ ఇంటికి రెండున్నర నెలల ఖర్చు, అది నాకు కాస్త తక్కువే అనిపిస్తోంది. ఏడాది తిరిగేసరికి ఆర్‌డీలో 19,200, దాని మీద వడ్డీ చేరి మూడు నెలల ఖర్చు దాటుతుంది. లక్ష ఊరికే వచ్చిన డబ్బు కాదు, మీ కష్టార్జితం. దాన్ని మళ్లీ నింపుకోవాలి కదా.

పెద్దావిడ ఇంట్లో ఉన్నారు, దాచుకున్నది తగ్గిస్తున్నాం. అందుకే ఇంకో పని కూడా చేయండి. 70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏటా 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయవందన కార్డుని కేంద్రం 2024 అక్టోబరు నుంచి ఇస్తోంది. ఆధార్‌తో నమోదు చేస్తారు. అమ్మగారికి ఇంకా తీసుకోకపోతే ఈ వారమే తీసుకోండి. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో కూడా కనుక్కుని పెట్టుకోండి. అవసరం వచ్చిన రాత్రి వెతుక్కోకూడదు.

బ్యాంకులో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పార్ట్ పేమెంట్‌కి ఛార్జీ ఎంత అన్నది మీ లోన్ కాగితాల్లోనే ఉంటుంది. 2 శాతం అనుకున్నా జీఎస్టీతో కలిపి లక్షకి 2,360. అంతవరకు అయితే సందేహించకుండా కట్టేయండి. ఎఫ్‌డీ గడువుకి ముందే తీస్తే వడ్డీలో సాధారణంగా అర శాతం నుంచి 1 శాతం వరకు కోస్తారు, అదీ భరించవచ్చు. ఎఫ్‌డీ అంతా ఒకే బాండు మీద ఉండి, కొంత మాత్రమే తీయడం కుదరదంటే, మొత్తం తీసి మిగిలిన 80,000ని 40,000 చొప్పున రెండు ఎఫ్‌డీలు చేయండి. రేపు చిన్న అవసరం వస్తే ఒకటి మాత్రమే కదిలించవచ్చు. కొన్ని బ్యాంకులు ఈఎంఐ తగ్గించరు, గడువే తగ్గిస్తామంటారు. అప్పుడు లోన్ 15 నెలల్లో తీరిపోతుంది, అదీ మంచిదే, కానీ అందాకా నెల ఖర్చుకి చిన్న లోటు ఉంటుంది. అలాంటప్పుడు నెలకు రెండు ఆదివారాలు మాత్రం భీమవరం వెళ్లండి.

అసలు ఆ వ్యాపారిని ఒక మాట అడిగి చూడండి. వారం కొనుగోళ్ల చీటీలే మీరు ఎక్కిస్తున్నది అయితే, వాటిని ఫోన్లో ఫొటోలు తీసి పంపితే మీరు శనివారం సాయంత్రం ఇంటి దగ్గరే చేయవచ్చు. 500 ఇచ్చినా చాలు, పెట్రోలు ఖర్చు ఉండదు. నమ్మకస్తుడైన లెక్కల మనిషిని ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు.

మీరు ఉత్తరంలో ‘ఒక టిఫిన్ కోసం’ అని రాశారు. దిబ్బరొట్టె సంగతి గోదావరి జిల్లాల వాళ్లకి నేను చెప్పేదేముంది. శనివారం పప్పు నానబెట్టడంతోనే ఆదివారం మొదలవుతుంది. మందపాటి మూకుట్లో నూనె పోసి, రెండంగుళాల మందాన పిండి వేసి, మూత పెట్టి సన్నసెగ మీద వదిలితే అరగంటకి పైగా పడుతుంది. తొందరపడి మంట పెంచితే అడుగు మాడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ అరగంటా ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. వాసన వస్తుంటే పిల్లలు వంటింటి గడప దగ్గరే తచ్చాడుతుంటారు, ఎర్రగా వేగిన అడుగు ముక్క నాకంటే నాకని. అందరం తీరిగ్గా కూర్చుని తినేవాళ్లం అని మీరే రాశారు. పార్సిల్ ఇడ్లీ దానికి బదులు కాదు.

ఇంకొకటి కూడా లెక్కలోకి తీసుకోండి. లోన్ 30 నెలల్లో తీరాక ఆదివారాలు ఎలాగూ ఖాళీ అవుతాయి కదా అని మీకు అనిపించవచ్చు. బాబుకి ఇప్పుడు 12. అప్పటికి పదో తరగతికి దగ్గరపడతాడు. ఆదివారం పొద్దున్నే ట్యూషన్ అంటాడు, స్పెషల్ క్లాసంటాడు. అమ్మగారికి 73 దాటుతుంది, అప్పుడు కూడా మూకుడు ఎత్తే ఓపిక ఉండాలని కోరుకుందాం. మీరు వాయిదా వేస్తున్నది సరిగ్గా అందరూ ఇంట్లో ఉండే ఈ 30 నెలలనే. నెలకు 2,470కి అవి తిరిగి వస్తుంటే, ఆ డబ్బు వేరే దారిలో సర్దుబాటు అవుతుంటే, నేనైతే రెండో ఆలోచన చేయను.

ఆనందంలో కొత్త ఖర్చు మాత్రం పెట్టుకోవద్దు. గ్రైండర్ కొందామా, డైనింగ్ టేబుల్ మారుద్దామా అని ఇంట్లో మాట వస్తుంది. వడ్డీ లేని ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ అంటూ ఏదో ఒకటి తగులుతుంది. ఇంట్లో ఉన్న మిక్సీలో రుబ్బుకున్నా రొట్టె బాగానే వస్తుంది. ఒక లోన్ సగం తీరుస్తూ ఇంకోటి మొదలుపెట్టడం అస్సలు వద్దు.

ఇక క్రమం. ఈఎంఐ కోతపడే తేదీకి కనీసం పది రోజుల ముందు బ్యాంకుకి వెళ్లండి. పార్ట్ పేమెంట్‌కి, ఈఎంఐ తగ్గింపుకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. కొత్త ఈఎంఐ షెడ్యూల్ కాగితం చేతికి వచ్చాక, అందులో అంకె మీ కళ్లతో చూసుకున్నాకే భీమవరంలో చెప్పండి. అదీ ఒక నెల ముందుగా, ఆయన వేరే మనిషిని చూసుకునేంత వ్యవధి ఇచ్చి.