రెండు గీతలకు అంత రేటా?

ప్రశ్న: ఒక ఎగ్జిబిషన్‌లో నల్లటి చతురస్రం, రెండు గీతలు, అంతే ఉన్న వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి కాగితంపై అచ్చు తీసే) ప్రింట్ చూశాను. కింద పెన్సిల్‌తో 3/25 అని ఉంది. స్కేలు ఇస్తే మా బాబూ గీస్తాడు. జిరాక్స్ లాంటి దానికి అంత రేటా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: గీయనివ్వండి, తర్వాత అదే గీతను చెక్క మీద చెక్కమనండి. వుడ్‌కట్‌లో నల్లగా పడేది చెక్కకుండా వదిలేసిన భాగమే, పైగా బొమ్మ అద్దంలోలా తిరగబడి అచ్చవుతుంది. నిండా బొమ్మలుంటే చిన్న తప్పు కనబడదు, ఒంటి గీతలో ఎక్కడ దాక్కుంటుంది? 3/25 అంటే 25 ప్రతుల్లో 3వ నంబరుది. ప్రతిదానికీ మళ్లీ సిరా పూసి, కాగితం పరిచి, ఒత్తి తీయాల్సిందే, జిరాక్స్ కాదు. (రేటు ఎక్కువే, నేనూ కొనలేను.)

అలీగఢ్‌లో పుట్టిన చిత్రకారిణి జరీనా హష్మీ గణితం చదివి ఈ అచ్చుబొమ్మల వైపు వచ్చారు. 1999లో ఆమె చేసిన 36 వుడ్‌కట్లలో ఇల్లు, గడప లాంటి ఒక్కో ఉర్దూ మాటకు కొన్ని నల్ల గీతలే బొమ్మ. ఇల్లు వదిలొచ్చినవాళ్లకు ఆ కాసిన్ని గీతలు చాలు.

అయినా మీ పక్కనే వరంగల్‌లో నేతగాళ్ల కొత్తవాడ ఉంది, అక్కడి జంపఖానాల మీది చారలు చూసి ఇదేం బొమ్మ అని ఎప్పుడైనా అడిగారా?