స్లర్రీలోంచి యూరియా తీయొచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పది ఆవులు, గోబర్ గ్యాస్ ట్యాంకు ఉన్నాయి. ట్యాంకులోంచి వచ్చే పేడనీళ్లకు, అంటే స్లర్రీకి, మెంబ్రేన్ (వడకట్టే పలచని పొర) యంత్రం పెడితే అందులోని యూరియా అంతా పట్టుకోవచ్చని, అది ఇంట్లో వాడే ఆర్వో లాంటిదేనని ఒకాయన వెంటపడుతున్నాడు. కొనమంటారా సార్?
— ఒక పాడి రైతు

జవాబు: ఆయన మాటలో సగం నిజముంది. మూత్రంలోని యూరియా పేడతో కలిశాక అమ్మోనియాగా మారిపోతుంది. ట్యాంకులోంచి మీకొచ్చేది అదే. దాన్ని మెంబ్రేన్‌తో పట్టడం కుదిరే పనే. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు పందుల పెంటనీటితో చేసి చూపించారు.

అయితే అది ఆర్వో కాదు. ఆర్వో పొర నీటిని వదిలి ఉప్పుల్ని ఆపుతుంది. నేరుగా స్లర్రీ పోస్తే పిప్పికి పూడుకుపోతుంది. ఇక్కడ వాడేది టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్ గొట్టాలు. ఖరీదైన రెయిన్‌కోటు గుడ్డలా నీళ్లను ఆపి, గాలిని మాత్రం పోనిస్తాయి. బయట స్లర్రీ, గొట్టంలో పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం. గొట్టం గోడ దాటిన అమ్మోనియా ఆమ్లంలో చిక్కి అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది.

స్లర్రీ పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత; 7 దాటితే క్షారం) 9 దాటితేగానీ అమ్మోనియా జోరుగా పైకి లేవదు. తిరుపతిలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ, చంద్రగిరి వైపు పిల్లల్లో ఎవరో ఒకరు ఇంటి స్లర్రీ సీసాలో పట్టుకొచ్చేవాళ్లు. పీహెచ్ పెరగడానికి చెంచాడు సున్నం వేసి, తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం మూతి మీద పట్టుకుంటే చూస్తుండగానే నీలమెక్కేది. ముందు బెంచీవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మీరూ చేసి చూడండి, సీసా మీద మొహం పెట్టకుండా.

ఇక డబ్బు సంగతి. లీటరు స్లర్రీలో అమ్మోనియా రూపంలో ఒక గ్రాము నత్రజని ఉందనుకుందాం. వెయ్యి లీటర్ల నుంచి మొత్తం లాగినా ఒక్క కిలో. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది, బస్తా ధర 267 రూపాయల లోపే. అంటే మీరు పట్టే కిలో విలువ 13 రూపాయలు! దాన్ని పట్టడానికి మూడున్నర కిలోల ఆమ్లం కావాలి. సున్నం, కరెంటు వేరే. సబ్సిడీ యూరియా ముందు ఈ బేరం నిలవదు. పైగా పిల్లలు తిరిగే కొట్టం పక్కన ఆమ్లం క్యాన్లా? నేనైతే ఒప్పుకోను.

వందల పశువులుండి, స్లర్రీ పారించడానికి చాలినంత భూమిలేని పెద్ద డెయిరీలకు ఇది ఆలోచించదగ్గదే. మీకు నేపియర్ గడ్డి మడి ఉంటే చాలు. స్లర్రీ గుంటకు మూత వేయండి, లేకపోతే అమ్మోనియా గాలికిపోతుంది. ఎండ తగ్గాక కాలువల్లో పారించి వెంటనే మట్టి కప్పండి. భాస్వరం ఈ గొట్టాల గుండా ఎటూ రాదు, ఎక్కువ భాగం మడ్డిలోనే ఉంటుంది. ట్యాంకు కడిగినప్పుడు ఆ మడ్డిని పారబోయకుండా మామిడి పాదుల్లో వేయండి.